పక్క స్థలంలో నీళ్లు.. మీ ఇంట్లో జ్వరం

వానాకాలంలో జ్వరంతో వచ్చిన పిల్లల తల్లులను అడుగుతుంటాను, 'ఇంటి పక్కన ఖాళీ స్థలం ఉందా?' అని. 'ఉందండీ, నీళ్లు నిలిచిపోతున్నాయి. తెలిసినవాళ్లే, ఫిర్యాదు ఎలా చేస్తాం?' అంటారు చాలామంది.

కోనసీమ పల్లపు నేల. ఇళ్లు మెరక చేసుకుంటాం, ఖాళీ స్థలాలు గుంటలుగా మిగిలిపోతాయి. అక్కడి మురుగులో బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ పెరుగుతుంది. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, సగం కట్టిన ఇంటి సంపుల్లోని వాన నీటిలో డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఆలస్యం చేయకండి.

ముందు యజమానికి ఫోన్ చేయండి. కదలకపోతే రాసివ్వండి. అమలాపురంలో వార్డు కార్యాలయం లేదా మున్సిపల్ ఆఫీసులో, రాజోలు, కొత్తపేటల్లో పంచాయతీ కార్యాలయంలో ఇవ్వాలి. స్థలం గుర్తులు, తేదీ, ఫొటో జతచేసి రసీదు తీసుకోండి. పని జరగకపోతే ఆ రసీదుతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి.

ఇది కొత్త హక్కు కాదు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి 1939 ప్రజారోగ్య చట్టంలోనే దోమల నివారణకు ఒక అధ్యాయం ఉంది. యజమానికి నోటీసు ఇస్తారు. గడువులోగా స్పందించకపోతే అధికారులే పని చేయించి, ఖర్చు ఆయన దగ్గరే వసూలు చేయవచ్చు.

అర్జీ పెట్టే ముందు మీ కుండీలు, డ్రమ్ములు, ఫ్రిజ్ వెనక ట్రే చూసుకోండి. ప్రతి శుక్రవారం ఖాళీ చేసి ఆరబెట్టండి. జ్వరంతో పాటు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రండి.

పొరుగువారితో మాట పట్టింపు నాలుగు రోజుల్లో పోతుంది. డెంగీ ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.