నల్లరేగడి నేలపై పాదచారుల వంతెన: సుస్థిర రూపకల్పన (పెదకాకాని పరిసరాల నేపథ్యం)

వ్యాససంగ్రహం:
పాదచారుల వంతెన సుస్థిరతను సాధారణంగా నిర్మాణసామగ్రిని బట్టి అంచనా వేస్తారు. పునాది కింది నేల, పైకెక్కే శ్రమ అనేవి అంతకన్నా నిర్ణాయకమైన అంశాలని గుంటూరు జిల్లా పెదకాకాని నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: పాదచారుల వంతెన, నల్లరేగడి, అండర్ రీమ్డ్ పైల్, ర్యాంపు, సుస్థిరత.

1. ఉపోద్ఘాతం:
గుంటూరు, విజయవాడల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న పెదకాకాని, భ్రమరాంబా మల్లేశ్వరస్వామి ఆలయానికి ప్రసిద్ధి. ఇటువంటి ఊళ్లలో భక్తులు, విద్యార్థులు, పత్తి, మిరప చేలకు వెళ్లే కూలీలు రహదారిని దాటవలసి ఉంటుంది. వేగంగా సాగే వాహనాల నడుమ దాటడం ప్రాణాపాయం. అయితే వంతెన కట్టినంతమాత్రాన ఆ అపాయం తొలగదు. జనం దాన్ని ఎక్కాలి. ఎవరూ ఎక్కని వంతెనకు వెచ్చించిన ఉక్కు, సిమెంటు పూర్తిగా వృథా.

2. నేల స్వభావం:
నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లనైట్ ఖనిజం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. ఎండకు ముడుచుకొని నేల నెర్రెలిస్తుంది. బరువైన కట్టడం ఈ ఉబ్బును కొంత అణచగలదు. తేలికైన కట్టడాన్ని నేల పైకి నెడుతుంది. తక్కువ సామగ్రితో తేలికగా నిర్మించాలనుకున్నప్పుడు ఎదురయ్యే చిక్కు ఇదే. రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్ దీనికి తగిన పరిష్కారం. పైల్ అడుగుభాగాన, దాని వ్యాసానికి సాధారణంగా 2.5 రెట్ల వెడల్పుతో ఒక గడ్డ ఉంటుంది. తేమలో అంతగా మార్పులేని లోతులో అది లంగరులా పట్టుకుంటుంది. లోతైన రేగడిలో పైల్ పొడవు 3.5 మీటర్లకు తగ్గరాదని ఐఎస్ 2911 మూడవ భాగం నిర్దేశిస్తుంది.

ప్రధాన స్తంభాలకు పైల్స్ వేసి, ర్యాంపు మొదలుకు పైపై పునాదితో సరిపెడితే రెండూ వేర్వేరుగా కదులుతాయి. అతుకు వద్ద ఏర్పడే చిన్న గట్టు చాలు, చక్రాల కుర్చీ ఆగిపోవడానికి.

3. ఎక్కే శ్రమ:
వాహనాల కోసం రహదారిపై 5.5 మీటర్ల ఖాళీ వదిలితే నడకదారి సుమారు 6 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. 15 సెంటీమీటర్ల మెట్లయితే 40 ఎక్కాలి, మళ్లీ 40 దిగాలి. దివ్యాంగులకు అనువైన 1:12 వాలుతో ర్యాంపు వేస్తే విశ్రాంతి స్థలాలు కాక ఒక్కోవైపు 72 మీటర్లు అవసరం. తలపై మూటతో ఉన్న కూలీ ఇంత శ్రమకన్నా రహదారి మధ్యగా దాటడానికే మొగ్గుతాడు. అందువల్లనే ఐఆర్‌సీ 103-2012 మార్గదర్శకాలు నేలమట్టంలో దాటే ఏర్పాటుకు ప్రాధాన్యమిచ్చాయి. 2023లో ప్రారంభమైన హైదరాబాదులోని ఉప్పల్ స్కైవాక్‌కు లిఫ్టులు, ఎస్కలేటర్లు అమర్చారు. చిన్న ఊళ్లలో అటువంటి లిఫ్టుకు విద్యుత్తు, మరమ్మతుల ఖర్చును ముందే లెక్కలోకి తీసుకోవాలి.

4. సామగ్రి:
విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి బూడిద లభిస్తుంది. పోజోలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా దీన్ని వాడవచ్చు. ఆ మేరకు క్లింకరు వినియోగం తగ్గుతుంది. ఉక్కు భాగాలను బోల్టులతో కలిపితే, రహదారిని విస్తరించినప్పుడు విడదీసి మరోచోట అమర్చుకోవచ్చు.

5. ముగింపు:
కాబట్టి రూపకల్పన క్రమం ఇలా ఉండాలి: నేలమట్టంలో సురక్షితంగా దాటే వీలుందేమో మొదట పరిశీలించాలి. వంతెన తప్పనిసరైతే స్తంభాలకూ ర్యాంపుకూ ఒకే తరహా పునాది వేయాలి. సామగ్రి ఎంపిక ఆ తరువాతి మాట. వృద్ధులు, దివ్యాంగులు, బరువు మోసేవారు ప్రతిదినం వాడగలిగిన వంతెనే సుస్థిరమైనది.