మార్ఫా అదే... జట్టు మారింది!

రాత్రి తొమ్మిదైంది. ఎస్.ఆర్. నగర్ గల్లీలో పెళ్లి బరాత్. అప్పటిదాకా బుద్ధిగా నడుస్తున్న పెళ్లికొడుకు మేనమామ ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి మధ్యలోకి దూకేశాడంటే... మార్ఫా వాళ్లు తీన్‌మార్ అందుకున్నారన్నమాట! ఆ దెబ్బ వింటే హాస్టల్ బాల్కనీల్లో పుస్తకాలు పట్టుకున్న కుర్రాళ్ల కాళ్లు కూడా ఊరుకోవు.

ఇంతకీ ఆ దరువు సముద్రాలు దాటి వచ్చింది. పంజాగుట్ట మీదుగా అయిదారు కిలోమీటర్లు వెళితే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు, ఆఫ్రికన్ కావల్రీ. నిజాం కొలువులో గుర్రపుదళంగా పనిచేసిన సిద్దీల పేట అది. వాళ్ల పూర్వీకులది ఆఫ్రికా. పాతబస్తీ దాటాక బార్కాస్‌లో ఉన్నవాళ్ల తాతలేమో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు. 'బ్యారక్స్' అన్న మాటే జనం నోళ్లలో నలిగి బార్కాస్ అయింది. ఈ రెండు పేటల్లో పెరిగిందే మన మార్ఫా.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసింది. ఆ తర్వాత నిజాం దళాలు రద్దయ్యాయి. గుర్రాలు పోయాయి, జీతాలూ పోయాయి. తమ ఇళ్ల వేడుకల్లో సరదాగా వాయించుకున్న వాద్యమే చాలామందికి కూడుపెట్టింది.

అసలు మార్ఫాలో పాట ఉండదు. అంతా దరువే. డోలు, డఫ్, చెక్కలతో కొట్టే స్టీలు బిందె... కొందరు వాయిస్తుంటే అదే జట్టులో మరికొందరు కత్తులూ కర్రలూ తిప్పుతూ ఆడేవారు. చూడ్డానికి వచ్చినవాళ్లు చూసేవారు, అంతే.

ఇప్పుడు ఎక్కువగా కనిపించనిది ఆ ఆటగాళ్లే. ఆడటానికి బరాతీలే పోటీపడుతుంటే జట్టుకు వేరే ఆటగాళ్లెందుకు? పైగా వచ్చిన డబ్బులో వాళ్లకూ వాటా ఇవ్వాలాయె! అలా ఆట జట్టు చేతుల్లోంచి మేనమామల కాళ్లలోకి వెళ్లిపోయింది. కత్తి తిప్పే విద్య మాత్రం వాళ్లతో వెళ్లలేదు. అది నేర్పేవాళ్లు లేకపోతే పోయినట్టే.

వాయించేవాళ్లూ మారారు. సిద్దీల పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళుతుంటే, ఖాళీ అయిన చోట్లలోకి నగరంలోని బస్తీల కుర్రాళ్లు వచ్చారు. వాద్యాలదీ అదే దారి. తోలు వాద్యాన్ని నిప్పుసెగకు కాచి బిగించుకోవాలి. ప్లాస్టిక్ రేకుకు ఆ బాధ లేదు. కానీ ఆ గంభీరమైన మోతా లేదు!

మార్ఫాకు ఇంకో గట్టి పోటీ డీజే. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు పెట్టకూడదన్నారు. పెళ్లిళ్ల బేరాల్లో పోటీ ఎలాగూ ఉంది.

మొహర్రంలో ముస్లింల ఇళ్లలో, ఆషాఢంలో హిందువుల ఇళ్లలో పెళ్లిళ్లుండవు. అయితే ఆషాఢమంటే బోనాలు కదా! ఎస్.ఆర్. నగర్ పక్కనే బల్కంపేట ఎల్లమ్మ గుడి. నెత్తిన బోనమెత్తుకున్న ఆడపడుచులు వరుసకడతారు. ముందు డప్పుల మోత. ఆ మోతలోనూ వినిపించేది తీన్‌మారే. వేపమండలు నడుముకు చుట్టుకుని, కొరడా ఝళిపిస్తూ పోతరాజు అడుగేసేది ఆ దెబ్బకే.