మూడు చక్రాల బండికి మెత్త ఎలా ఎంచుకోవాలి?



చేత్తో తిప్పుకుంటూ వెళ్ళే మూడు చక్రాల బండిని మీరంతా చూసే వుంటారు. పోలియో వచ్చిన వారు, ప్రమాదంలో నడుం దెబ్బతిన్న వారు దాని మీదే పనికి వెళ్ళి వస్తుంటారు. కాన్పూరులో 1972లో ఏర్పడిన ఆలింకో ఇలాంటి బండ్లు తయారుచేస్తోంది. దివ్యాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1981 నుంచి నడుస్తోంది. బండి వస్తుంది, సరే. దాని సీటు సంగతి చూడవలసింది మాత్రం ఇంట్లో వాళ్ళే కదండీ.

మనం కూర్చున్నప్పుడు వొంటి బరువు ఎక్కువగా పిరుదుల అడుగునున్న రెండు ఎముకల మీద పడుతుంది. తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం కనుక మనకు బాధ లేదు. కదలకుండా గంటల తరబడి కూర్చుంటే, ఎముకకూ సీటుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక పుండు పడుతుంది. పోలియోలో కాళ్ళ బలం తగ్గుతుంది గాని స్పర్శ పోదు. నొప్పి పుడితే తెలుస్తుంది. వెన్నుపాము దెబ్బతిన్న వారికి ఆ స్పర్శే వుండకపోవచ్చు. పుండు లోతుకు దిగితే మానడానికి నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి ప్రాణం మీదికీ వస్తుంది. కాబట్టి వారికి మెత్త అంటే సుఖం ఒక్కటే కాదు, రక్షణ కూడా.

మెత్తగా వున్నదల్లా మంచిదనుకుని, బొటనవేలితో నొక్కి చూసి కొనేస్తాం. బూరుగు దూది దిండు మొదట్లో హాయిగానే వుంటుంది. కొన్నాళ్ళకు అణిగి వుండలు కడుతుంది. అప్పుడిక రేకు మీద కూర్చున్నట్టే. చౌక స్పాంజి కూడా అంతే. పరుపుల కొట్టులో గట్టి రకం ఫోము, మూడంగుళాల మందంలో అడగండి. కొన్నాక ఈ పరీక్ష చేయండి. మనిషి కూర్చున్న అయిదు నిమిషాలకు, సీటుకూ మెత్తకూ మధ్య మీ అరచేతిని పైకి తిప్పి దూర్చండి. ఎముక చేతికి గట్టిగా తగిలితే ఆ మెత్త పనికిరాదు. మధ్యన అంగుళం మందమైనా మిగలాలి. నడుమ చిల్లి వున్న గుండ్రని గాలి మెత్తలు వద్దు. అంచు నొక్కుకుని, మధ్య భాగానికి రక్తం సరిగా అందదు.

ఇక ఎత్తు. మెత్త వేస్తే మనిషి పైకి లేస్తాడు. పాదాలు వేలాడితే తొడల కింద అంచు ఒరుసుకుంటుంది. పాదాల కింద చెక్క పలక బిగించండి. ఆ పలక మరీ ఎత్తయితే మోకాళ్ళు పైకి లేచి, బరువంతా మళ్ళీ ఆ రెండు ఎముకల మీదికే వస్తుంది. చేతిపిడి సులువుగా తిరుగుతోందా అన్నదీ చూసుకోండి.

గలేబు నూలుగుడ్డది, కాస్త వదులుగా కుట్టండి. బిగించి కుడితే ఫోము వొంటికి తగ్గట్టు దిగదు. రెగ్జిన్ చెమట పట్టిస్తుంది. మధ్యలో అతుకులు, గుండీలు వద్దు. కుట్లన్నీ పక్కలకే రావాలి. రెండు గలేబులు వుంటే ఉతుక్కోవడానికి వీలు.

ఎంత మంచి మెత్తయినా, పావుగంటకో అరగంటకో ఒకసారి ముందుకు వంగి గాని, చేతులు ఆనించి వొళ్ళు ఎత్తి గాని, ఒకటి రెండు నిమిషాలు బరువు తీసేయాలి. స్పర్శ లేనివారు రోజూ సాయంత్రం అద్దంతోనైనా, ఇంట్లో వారి సాయంతోనైనా చర్మం చూసుకోవాలి. ఎర్రదనం అరగంటకీ తగ్గకపోయినా, నల్లని వొంటి మీద ఆ చోటు మరీ నల్లబడినా, వేడిగా, గట్టిగా తగిలినా, దాని మీద కూర్చోకుండా డాక్టరుకు చూపించాలి. ఇదివరకే పుండు పడిన వారికి ఇంటి మెత్త చాలదు. ఫిజియోథెరపిస్టును అడిగి తగినది తీసుకోండి.

ఫోము కూడా అరుగుతుందండోయ్. నెలకోసారి ఆ అరచేతి పరీక్ష మరచిపోకండి.