గట్టి పూత సరే, పట్టు మాటేమిటి?

వన్‌గ్రాం గోల్డ్ గాజులు కొన్నవాళ్ళకి తెలుసు, పూత అరగడం కన్నా ముందు పెచ్చు ఊడుతుందని. డ్రిల్ బిట్లకీ, కృత్రిమ కీళ్ళకీ వేసే పూతలతోనూ ఇదే గొడవ. యూరప్‌లో 1993-95 మధ్య 101 మందికి వజ్రాన్ని పోలిన కార్బన్, అంటే డి.ఎల్.సి. పూత వేసిన తుంటి బంతులు అమర్చారు. మొదటి ఏడాదిన్నర బాగానే ఉంది. 8.5 ఏళ్ళు తిరిగేసరికి 45 శాతం కీళ్ళని మళ్ళీ ఆపరేషన్ చేసి మార్చాల్సి వచ్చింది. పూత గట్టిదే, పట్టే నిలవలేదు.

మా బెల్‌ఫాస్ట్ పక్కన జోర్డన్‌స్టౌన్‌లో అల్‌స్టర్ యూనివర్సిటీ వాళ్ళు ఈ డి.ఎల్.సి. మీద ఏళ్ళ తరబడి పని చేశారు. ఆ పూతలో పుట్టుకతోనే కొన్ని గిగాపాస్కల్స్ అంతర్గత ఒత్తిడి ఉంటుంది; లోహాన్ని వదిలి పైకి ఉబ్బాలని చూస్తుంది. కొంచెం సిలికాన్ కలిపితే ఒత్తిడి తగ్గి పట్టు పెరుగుతుంది.

ఇంకో దారి, పూతని కింది నుంచి పైకి క్రమంగా మార్చుకుంటూ పోవడం. ఉక్కు స్థితిస్థాపక గుణకం సుమారు 210 గిగాపాస్కల్స్, టైటానియం నైట్రైడ్‌ది 400 పైమాటే. రెండూ సమానంగా సాగితే పూతలో ఒత్తిడి దాదాపు రెట్టింపు. ఆ తేడా అంతా ఒక్క గీత దగ్గర పడితే అక్కడే చీలుతుంది. అందుకని అడుగున టైటానియం, ఆపైన దాని నైట్రైడ్, పైకి పోయేకొద్దీ అల్యూమినియం, సిలికాన్ పెంచుతారు. మెట్టు బదులు ర్యాంపు అన్నమాట! మన హైదరాబాద్ బాలాపూర్‌లోని ఎ.ఆర్.సి.ఐ.లో సరిగ్గా ఇలాంటి పూతలే తయారుచేసి పరీక్షించారు.

పైభాగం నానో కాంపోజిట్. 5-10 నానోమీటర్ల నైట్రైడ్ రేణువులు, వాటి చుట్టూ ఒకటి రెండు పరమాణువుల మందాన సిలికాన్ నైట్రైడ్, పల్లీపట్టీలో పల్లీల చుట్టూ పాకంలాగ. రేణువులు ఇంత చిన్నవైతే లోపల డిస్‌లొకేషన్లు కదలలేవు, పగులూ తిన్నగా పోలేదు. మామూలు టైటానియం నైట్రైడ్ కాఠిన్యం 20-25 గిగాపాస్కల్స్ అయితే, ఇది 40 దాకా వెళుతుంది.

అసలు చిక్కు కొలవడంలో ఉంది. వజ్రపు మొనతో గుచ్చి, బరువుకి ఎంత లోతు దిగిందో చూసి, 1992లో ఆలివర్, ఫార్ ఇచ్చిన పద్ధతిలో లెక్క కడతారు. కింది ఉక్కు ప్రభావం పడకూడదు గనక పూత మందంలో పదో వంతు దాటరు. 2 మైక్రాన్ల పూతలో అది 200 నానోమీటర్లు. కానీ ఇక్కడ లోతుతో పదార్థమే మారిపోతోందే! పైన వచ్చిన అంకె అడుగు సంగతి చెప్పదు. పూతని ఏటవాలుగా అరగదీసి ఒక్కో చోటా గుచ్చి చూడాలి.

అరుగుదలకి కాఠిన్యం కన్నా, దాన్ని గుణకంతో భాగించిన నిష్పత్తే మంచి సూచిక అని 2000లో లేలాండ్, మాథ్యూస్ వాదించారు. నా మటుకు నేను కేటలాగులో 40 గిగాపాస్కల్స్ కనబడితే మురిసిపోను. గీత పరీక్షలో ఎంత బరువు దగ్గర పూత లేచిందో ముందు వెతుకుతాను.