తేలికైన బోర్డే మంచి బోర్డా?

రుషికొండ ఒడ్డున ఎవరిదో సర్ఫ్‌బోర్డును ఒంటిచేత్తో లేపి చూసి మా మేనల్లుడు అడిగాడు: “మావయ్యా, ఇది థర్మోకోలా?”

వాడు సరదాకి అన్నా మాటలో నిజముంది. కొన్ని బోర్డుల కడుపులో ఉండేది అచ్చంగా థర్మోకోలే. మిగతావాటిలో పాలీయురేథేన్ నురుగు ఉంటుంది. పాత ఫ్రిజ్ తలుపు విప్పితే గోడల మధ్య కనిపించే పసుపుపచ్చ గట్టి నురుగుకి అది దగ్గరి చుట్టం. నురుగు దిమ్మ ఏదైనా, దాన్ని చెక్కి, చుట్టూ గాజునారతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ పోసి గట్టిపడనిస్తే బోర్డు తయారవుతుంది.

“అయితే ఎంత తేలికగా ఉంటే అంత మంచిదా?” అని వాడి రెండో ప్రశ్న. ఔనని తేల్చేయొచ్చు గానీ, ఈ ఆటలో ఆరితేరినవాళ్లలో చాలామంది ఇప్పటికీ కాస్త బరువైన పాలీయురేథేన్ బోర్డే ఎందుకు కోరుకుంటారన్న ప్రశ్న అప్పుడు అడ్డొస్తుంది.

చిన్న లెక్క వేద్దాం. పొట్టి బోర్డు ఘనపరిమాణం 30 లీటర్లు అనుకుందాం. దాన్ని పూర్తిగా ముంచినా సుమారు 31 కిలోల సముద్రపు నీటినే పక్కకి నెడుతుంది. దాని మీద 75 కిలోల మనిషి కూర్చుంటే ఇంకేముంది, బోర్డు మునుగుతుంది, మనిషి కూడా నడుము పైదాకా నీళ్లలోకి దిగుతాడు. కెరటం కోసం కాచుకున్న సర్ఫర్లను ఒడ్డు నుంచి చూస్తే తలలూ భుజాలే కనిపించేది ఇందుకే. ఆ బోర్డు మనిషిని మోసేది తేలడం వల్ల కాదు, వేగం వల్ల. చెరువులోకి వాలుగా విసిరిన పెంకు నీటి మీద గెంతుతూ పోతుంది చూడండి, ఇదీ అంతే. కెరటం వాలులో జారేటప్పుడు అడుగున నీరు ఒత్తి బోర్డును పైకి లేపుతుంది.

ఇక బరువు సంగతి. పాలీయురేథేన్ నురుగు ఘనమీటరుకి సుమారు 40 కిలోలు, బోర్డులకి వాడే థర్మోకోల్ సుమారు 20 కిలోలు. అంటే 30 లీటర్ల దిమ్మలో తేడా అంతా కలిపి 600 గ్రాములు. 75 కిలోల మనిషి తేలడం విషయంలో అది లెక్కలోకే రాదు. కానీ పాదం కింద లెక్కలోకి వస్తుంది. తేలిక బోర్డు ఇట్టే తిరుగుతుంది, గాలిలోకి ఎగరడానికి సాయపడుతుంది. అదే బోర్డు, గాలికి నీటి పైన చిన్నచిన్న అలలు రేగినరోజు, గతుకుల రోడ్డు మీద ఖాళీ ఆటోలా దడదడలాడుతుంది. కాస్త బరువున్న బోర్డు ఆ గతుకులను మింగేస్తుంది. కెరటాలు నున్నగా ఉన్నరోజుకి ఒకటి, గాలి రేగిన రోజుకి ఇంకొకటి నచ్చడంలో వింతేమీ లేదు.

బరువు గురించి ఇంత తర్కించుకునే వీలు పాతవాళ్లకి లేదు. హవాయి ద్వీపాల్లో కోవా, విలివిలి లాంటి చెట్ల మానులు చెక్కి బోర్డులు చేసేవారు. 20వ శతాబ్దపు తొలిరోజుల్లో ఈ ఆటను ప్రపంచానికి పరిచయం చేసిన డ్యూక్ కహనమోకు బోర్డుల్లో ఒకటి 16 అడుగుల పొడవు, 50 కిలోలకి పైగా బరువు. దాన్ని ఒడ్డుకి మోసుకెళ్లడమే ఒక వ్యాయామం. అమెరికా సర్ఫర్ టామ్ బ్లేక్ లోపల డొల్లగా ఉండే బోర్డు చేసి బరువు తగ్గించాడు. 1935లో బోర్డు కింద మొదటిసారి చిన్న రెక్క బిగించిందీ ఆయనే. తర్వాత బాల్సా చెక్క వచ్చింది. మనవాళ్లు అరటి బోదెలతో తెప్ప కట్టినట్టే, తేలికగా ఉండి తేలే చెట్టును వెతుక్కోవడమే అప్పటిదాకా దారి.

మరి థర్మోకోల్ అంత తేలికైతే మొదటి నుంచీ దాన్నే ఎందుకు వాడలేదు? ఇక్కడ కొంచెం నిదానిద్దాం, ఈ కథకి మలుపు ఇదే. వినాయక చవితి మండపానికి తెచ్చిన థర్మోకోల్ పలక మీద స్ప్రే పెయింట్ కొట్టి చూసినవాళ్లకి తెలుసు: రంగు పడినచోటల్లా పలక చిమ్మెటలు కొట్టినట్టు గుంటలు పడి కరిగిపోతుంది. పెయింట్‌లోని ద్రావకం దాన్ని తినేస్తుంది. గాజు గుడ్డను అతికించే పాలియెస్టర్ రెజిన్ కూడా అదే పని చేస్తుంది, ఎందుకంటే దాన్లో స్టైరీన్ ఉంటుంది. థర్మోకోల్ పుట్టింది కూడా స్టైరీన్ నుంచే, కాబట్టి స్టైరీన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. ఫైబర్ పడవకి మాటు వేసేచోట ముక్కు పుటాలు అదరగొట్టే ఘాటు స్టైరీన్‌దే.

కాలిఫోర్నియాలో బాబ్ సిమన్స్ 1940ల చివర్లో థర్మోకోల్ చుట్టూ ప్లైవుడ్ చెక్కపొర, అంచుల్లో బాల్సా పెట్టి, రెజిన్ లోపలికి చేరకుండా కాపాడి బోర్డులు చేశాడు. తెలివైన పనే గానీ శ్రమెక్కువ. 1958 ప్రాంతంలో హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ పాలియెస్టర్ రెజిన్‌కి కరగని పాలీయురేథేన్ దిమ్మను వాడుకలోకి తెచ్చాక దారి తెరుచుకుంది. ఆ నురుగును ఉలీ సుత్తీ అక్కర్లేకుండా పదునైన రంపంతో, ఉప్పుకాగితంతో చెక్కొచ్చు. చెక్కడం సులువైతే మార్చి చూడటమూ సులువే. 1960ల చివర్లో తొమ్మిది, పది అడుగుల బోర్డులు రెండు మూడేళ్లలోనే ఏడడుగులకి దిగిపోవడం వెనక ఆ సులువుంది. ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ మూడు రెక్కల బోర్డుతో 1981లో బెల్స్ బీచ్ పోటీ గెలిచాక, ఆ అమరికే లోకమంతా పాకింది.

ఆ సులువు ఒకే కంపెనీ చేతిలో ఉండిపోయింది. అమెరికాలో దిమ్మల్లో అత్యధికం గోర్డన్ క్లార్క్ కంపెనీ క్లార్క్ ఫోమ్ నుంచే వచ్చేవి. 2005 డిసెంబరు 5న ఆ కంపెనీ ఉన్నట్టుండి మూతపడింది. బోర్డులు చెక్కేవాళ్లు చేసేది లేక థర్మోకోల్ వైపూ, దాన్ని కరిగించని ఎపాక్సీ రెజిన్ వైపూ చూడటం ఎక్కువైంది. ఈ జోడీ అంతకుముందే ఉన్నా, వెలుగులోకి వచ్చింది అప్పుడే.

దిమ్మ కన్నా దాని చర్మం ముఖ్యమని నాకనిపిస్తుంది. కాలు నొక్కినప్పుడు బోర్డు పై చర్మం కుదించుకుంటుంది, కింది చర్మం సాగుతుంది. మధ్యనున్న నురుగు రెండింటినీ ఎడంగా ఉంచుతుంది. రైలు పట్టాకి పైనా కిందా వెడల్పు, మధ్యలో సన్నం ఉండేది కూడా ఈ లెక్కతోనే. గాజునార లాగితే గట్టిగా నిలుస్తుంది, కుదిస్తే పలచటి అట్టలా మడత పడుతుంది. అందుకే పై భాగానికి రెండు పొరలు, కిందికి ఒకే పొర వేయడం మామూలు. వాడే గుడ్డ చదరపు మీటరుకి సుమారు 135 గ్రాములు, ఓ మోస్తరు నూలు చొక్కా గుడ్డంత. పోటీల కోసం ఆ పొరలను ఇంకా పలచన చేస్తే బోర్డు వేగంగా తిరుగుతుంది, అంతే వేగంగా విరుగుతుంది. అమ్మే బోర్డులకి అలా చేస్తే కొన్నవాడు ఊరుకోడు.

వంపు సంగతి వేరు. బోర్డు పొడవునా మధ్యలో ఉండే సన్నని చెక్క పట్టీని స్ట్రింగర్ అంటారు. మలుపులో బోర్డు కొంచెం వంగి, బయటికి వస్తూ తిరిగి సాగి పాదానికి ఒక తోపు ఇస్తుంది. చెక్క నెమ్మదిగా ఇస్తుంది, కార్బన్ పీచు చురుగ్గా ఇస్తుంది. ఆస్ట్రేలియాలో హేడెన్ కాక్స్ చెక్క పట్టీ తీసేసి రెండు అంచుల వెంట కార్బన్ పట్టీలు వేశాడు. ఏది మంచిదన్న దానికి మీ కాలి బరువు, మీ అలవాటే జవాబు. గట్టిదనం ఎక్కువైతే బోర్డు కెరటం మాట వినదని నా అభిప్రాయం.

మన ఎండలో థర్మోకోల్ బోర్డును మూసిన కారులో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి చర్మం బుడగలా లేచిపోయే ప్రమాదముంది. అందుకే చాలావాటికి లోపలి ఒత్తిడి పోయేందుకు చిన్న రంధ్రపు బిరడా పెడతారు. పగుళ్లు పడితే రెండు రకాలూ నీళ్లు తాగుతాయి, థర్మోకోల్ గింజల మధ్య సందుల్లోకి ఇంకా తేలిగ్గా పోతాయి.

మా వాడు ఎత్తి చూసిన బోర్డు మూల మీదా బొటనవేలి గోరంత పగులుంది. ఇలాంటిది మీ బోర్డుకి పడితే, మాటు వేయడానికి రెజిన్ కొనేముందు లోపలున్నది ఏ నురుగో అడిగి తెలుసుకోండి. పాలీయురేథేన్ అయితే పాలియెస్టర్ రెజిన్ పనికొస్తుంది. తెలియకపోతే ఎపాక్సీ కొనండి, అది రెండింటికీ నప్పుతుంది. పాలియెస్టర్‌ను థర్మోకోల్ మీద పోస్తే గోరంత పగులు అరచేయంత గుంట అవుతుంది.