బెత్తం పక్కన పెట్టాక టీచర్ చేతిలో ఏముండాలి?

బడిలో చేర్పించే రోజు పిల్లాడిని ఉస్తాద్‌కు అప్పగిస్తూ మన పెద్దలు ఒక మాట అనేవారు: 'హడ్డీ హమారీ, గోష్త్ ఆప్‌కా'. ఎముకలు మావి, మాంసం మీది అని. అంటే కొట్టినా ఫర్వాలేదు, చదువు వస్తే చాలు. గోడ కుర్చీ, గుంజీలు, తొడపాశం ఆ ఒప్పందంలో భాగమే.

ఆ ఒప్పందం ఇప్పుడు చట్టం ముందు చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నిబంధనలు సవరించి బడుల్లో దండనను నిషేధించారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపునూ చేర్చింది. కాబట్టి చెయ్యి ఎత్తకపోయినా, నలుగురి ముందు 'మొద్దు' అని పిలుస్తూ పిల్లాడిని కించపరచడం కూడా తప్పే.

ఏం చేయకూడదో చట్టం చెప్పింది. నలభై ఐదు మంది పిల్లలున్న గదిలో, చివరి బెంచీ అల్లరి ఆగకపోతే ఏం చేయాలో మాత్రం చట్టం చెప్పదు. అది శిక్షణ చెప్పాలి. బెత్తం తీసేసి దాని బదులు ఇంకేదీ ఇవ్వకపోతే టీచర్ అరుపులకు దిగుతాడు, లేదా పట్టించుకోవడం మానేస్తాడు. రెండూ పిల్లలకు నష్టమే.

కేంద్రం 2019 ఆగస్టులో 'నిష్ఠా' పేరుతో టీచర్ల శిక్షణ మొదలుపెట్టింది. సుమారు 42 లక్షల మంది ప్రభుత్వ టీచర్లు, హెడ్మాస్టర్లకు చేరాలన్నది లక్ష్యం. పాఠం చెప్పే పద్ధతులతో పాటు పిల్లల వ్యక్తిగత, సామాజిక గుణాలు, బడిలో భద్రమైన వాతావరణం కూడా అందులో అంశాలే. కరోనా తర్వాత అది 'దీక్షా' యాప్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచర్ ఏటా కనీసం 50 గంటల శిక్షణ పొందాలని చెప్పింది. లెక్క వేస్తే, 220 పనిదినాల మీద రోజుకు 14 నిమిషాలు కూడా రాదు. చాయ్ తాగే టైమ్ అంత.

ఇంతకీ ఆ శిక్షణలో నేర్పేది ఏమిటి? మొదటిది, పిల్లాడి ప్రవర్తన వెనుక కారణం వెతకడం. దానికి మూడు ప్రశ్నలు: అల్లరికి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, ఆ తర్వాత అతనికి ఏం దక్కింది? ఒక పిల్లాడు రోజూ లెక్కల పీరియడ్‌లోనే పక్కవాడిని గిల్లుతాడు అనుకుందాం. టీచర్ కోపంతో బయట నిలబెడతారు. టీచర్ దృష్టిలో అది శిక్ష. పిల్లాడి దృష్టిలో మాత్రం రాని లెక్కల నుంచి తప్పించుకునే దారి. అతను రేపు కూడా గిల్లుతాడు. ఇక్కడ మందు శిక్ష కాదు, కిందటి క్లాసులో వదిలేసిన భాగహారం మళ్లీ నేర్పడం.

రంజాన్ నెలలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. తెలంగాణలో ఉర్దూ మీడియం బడులకు వేళలు మారుస్తారు. తెలుగు, ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలకు మామూలు వేళలే. సహరీకి లేచి, రోజా ఉన్న అమ్మాయి మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చేస్తే, సంగతి తెలియని టీచర్ దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు. తెలిసిన టీచర్ కష్టమైన పాఠం ఉదయం పీరియడ్‌కు మార్చుకుంటారు.

రెండోది, పిల్లలందరినీ పాఠంలోకి తేవడం. అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో ఒక చిన్న సంగతి గమనించారు. టీచర్లు ప్రశ్న వేశాక ఒక్క సెకను మాత్రమే ఆగి, వెంటనే ఇంకొకరిని అడిగేస్తున్నారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి బడిలో తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో జవాబివ్వాల్సిన పిల్లలకు ఆ రెండు సెకన్లు చాలా విలువైనవి. వాళ్లకు జవాబు తెలుసు. దాన్ని భాష మార్చుకునే లోపే టీచర్ పక్క బెంచీకి వెళ్లిపోతున్నారు.

మూడోది భావోద్వేగాల చదువు. తన కోపాన్ని, భయాన్ని గుర్తుపట్టడం, అదుపు చేసుకోవడం, ఎదుటివాడి బాధ అర్థం చేసుకోవడం, స్నేహం నిలుపుకోవడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. 'ఇదంతా చదువుకునే టైమ్ తినేస్తుంది' అనేవాళ్లు ఉన్నారు. 2011లో వచ్చిన ఒక పెద్ద పరిశీలన 213 కార్యక్రమాలను, 2 లక్షల 70 వేల మంది విద్యార్థులను కలిపి చూసింది. ఇలాంటి శిక్షణ పొందిన పిల్లలు చదువులో 11 పర్సంటైల్ పాయింట్లు ముందున్నారని తేల్చింది. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు 'హ్యాపీనెస్' పీరియడ్ పెట్టింది. కథలు, మాటలు, కాసేపు నిశ్శబ్దంగా కూర్చోవడం. పరీక్ష లేదు, మార్కులు లేవు.

మన సముదాయానికి ఇదేమీ విదేశీ సరుకు కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) దగ్గర పదేళ్లు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి), ఆ పదేళ్లలో తన మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదని చెప్పిన హదీసు మక్తబ్‌లో చదివిన పిల్లలకూ తెలుసు. ఆ హదీసు చెప్పే గదిలోనే బెత్తం ఉంటే మాత్రం ఆలోచించాల్సిందే.

శిక్షణ ఉన్నా ఫలితం ఎందుకు తక్కువ? ఒక హాలులో రెండు రోజులు కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే టీచర్ నోట్‌బుక్ నిండుతుంది, క్లాసు మారదు. కొత్త పద్ధతి అలవాటు కావాలంటే దాన్ని క్లాసులో చేసి చూపేవాళ్లు, తర్వాత వచ్చి చూసి 'ఇక్కడ బాగుంది, ఇక్కడ తడబడ్డారు' అని చెప్పేవాళ్లు కావాలి. డ్రైవింగ్ యూట్యూబ్ చూసి రానట్టే ఇదీ. ఆన్‌లైన్ మాడ్యూల్ ఫోన్‌లో తనంతట తాను నడుస్తుండగా టీచర్ జవాబు పత్రాలు దిద్దుకుంటే, సర్టిఫికెట్ వస్తుంది తప్ప ఇంకేమీ రాదు.

అసలు ఈ శిక్షణ గడప కూడా తొక్కని టీచర్లు ఉన్నారు. పాతబస్తీ గల్లీల్లో చిన్న ఫీజుల ప్రైవేటు బడులు చాలా ఉన్నాయి. చదువు చెప్పేది ఎక్కువగా డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలు. జీతం తక్కువ, పీరియడ్లు ఎక్కువ. ప్రభుత్వ శిక్షణ వాళ్ల కోసం కాదు, యాజమాన్యం ఖర్చు పెట్టదు. దానికి తోడు 2014లో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని తీర్పు ఇచ్చింది. మదర్సాలను 2012 సవరణే బయట పెట్టింది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు బెంచ్ ఒకటి ఆ 2014 తీర్పుపై సందేహం వెలిబుచ్చి విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. అలాగని మైనారిటీ బడుల్లో కొట్టవచ్చని కాదు. తన సంరక్షణలో ఉన్న పిల్లల మీద క్రూరత్వానికి 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద జైలు శిక్ష ఉంది.

తెలంగాణ మైనారిటీ గురుకులాల సంగతి ఇంకొంచెం వేరు. అక్కడ పదకొండేళ్ల పిల్ల అమ్మీ, అబ్బాకు దూరంగా రాత్రి కూడా ఉంటుంది. ఆమె ఏడుపు తరగతి గంటల్లోనే రాదు. కాబట్టి టీచర్‌కు ఇచ్చే శిక్షణ వార్డెన్‌కు, వంట మనిషికి కూడా కావాలి.

డబ్బు లేని బడి కూడా కొంత చేయగలదు. శనివారం చివరి పీరియడ్ తీసి టీచర్లంతా కూర్చుని, ఒక్క పిల్లాడి గురించి ఆ మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. బాగా పాఠం చెప్పే టీచర్ క్లాసులో కొత్త టీచర్ నెలకు రెండు గంటలు వెనక బెంచీలో కూర్చోవచ్చు. పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లే తల్లిదండ్రులు మార్కుల షీట్‌తో పాటు ఇంకొక మాట అడగవచ్చు: మా పిల్లాడు తప్పు చేసినప్పుడు మీరు ఏం చేస్తారు, అది మీకు ఎవరు నేర్పారు?