తిప్పినా తిరగని వాయువు

గోలెంలో నీళ్లను కట్టెతో ఎంత మెల్లగా తిప్పినా కట్టె వెంట నడుస్తాయి. అతిశీతల వాయువు అలా నడవదు. ఒక హద్దు దాకా తిప్పినా తిరగదు. హద్దు దాటితే మాత్రం సుడులు పెడుతుంది.

వేసవిలో గోలేటి బొగ్గు గనుల మీద ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. ఈ వాయువు ఉండేది పరమ శూన్యానికి, అంటే మైనస్ 273.15 డిగ్రీలకు, ఒక డిగ్రీలో కోటోవంతు పైన. అంత చలిలో లక్షల పరమాణువులు ఒకే అలగా కలిసిపోతాయి. 1924లో ఢాకాలో పాఠాలు చెబుతున్న సత్యేంద్రనాథ్ బోస్ వేసిన లెక్కను ముందుకు నడిపి ఐన్‌స్టీన్ ఈ మాట చెప్పారు. 1995లో కొలరాడోలో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ రుబీడియం వాయువుతో దాన్ని నిజం చేసి చూపారు.

తిరగకపోవడానికి కారణం ఆ ఒక్క అలే. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అల తనతో తాను అతకాలి. కాబట్టి ఆ చుట్టులో సున్నా అలలు ఉండొచ్చు, ఒకటి ఉండొచ్చు, రెండు ఉండొచ్చు. ఒకటిన్నర కుదరదు. సున్నా అంటే నిశ్చలం. ఒకటి అంటే ఒక సుడి. మధ్యలో ఏదీ లేదు. సుడి కేంద్రానికి దగ్గరయ్యే కొద్దీ చుట్టు చిన్నదవుతుంది. అయినా పూర్తి అల అందులోనే పట్టాలి కనుక వేగం పెరుగుతుంది. రుబీడియంలో కేంద్రం నుంచి ఒక మైక్రాన్ దూరాన సెకనుకు సుమారు 0.7 మిల్లీమీటర్లు, అర మైక్రాన్ దగ్గర దానికి రెట్టింపు. నట్టనడుమ ఆ వేగానికి అంతు ఉండదు. అందుకే అక్కడ వాయువు ఉండదు, సన్నని బోలు మాత్రమే మిగులుతుంది.

మరి సుడి లోపలికి ఎలా వస్తుంది? 2000లో పారిస్‌లో జాన్ దాలిబార్ బృందం అయస్కాంత క్షేత్రంలో పట్టి ఉంచిన రుబీడియం మబ్బును లేజర్ కిరణంతో తిప్పింది. నాకు అన్నిటికన్నా నచ్చింది అక్కడ తేలిన హద్దు. ఆ హద్దుకు ముందే సుడి ఉండటం వాయువుకు లాభమే, కానీ లోపలికి దారి ఉండదు. గుండ్రని మబ్బు కోలగా సాగి మళ్లీ గుండ్రంగా మారే సహజ లయ ఒకటుంది. దాని వేగం పరమాణువు పట్టులో ఊగే వేగానికి 1.41 రెట్లు. కోల ఆకారం అరచుట్టుకే తన రూపానికి వస్తుంది కాబట్టి లేజర్ ఒక చుట్టులో రెండు తోపులు తోస్తుంది. 1.41లో సగం, అంటే సుమారు 0.7 వంతు వేగంతో తిప్పితే తోపులు లయతో కలుస్తాయి. మబ్బు కోలగా సాగుతుంది, పలచని అంచులు చెదురుతాయి, సుడులు ఆ అంచుల నుంచే లోపలికి జారుతాయి.

సుడి బోలు మైక్రాన్ కన్నా సన్నం. అందుకే పట్టు వదిలేసి, మబ్బు వ్యాపించాక ఫోటో తీస్తారు. ఫోటోలో సుడులు నల్లని చుక్కలుగా కనిపిస్తాయి. వేగం పెంచితే సుడి పెద్దదవదు, సుడులు ఎక్కువవుతాయి. రెండు అలల సుడికి ఒంటి సుడికన్నా సుమారు నాలుగు రెట్ల శక్తి కావాలి, రెండు ఒంటి సుడులకు దాదాపు రెండు రెట్లు చాలు. ఒకే దిక్కుకు తిరిగే సుడులు ఒకదాన్నొకటి తోసుకుని త్రికోణాల వరసలో సర్దుకుంటాయి. 2001లో ఎంఐటీలో వోల్ఫ్‌గాంగ్ కెట్టర్లే బృందం సోడియం మబ్బులో అలాంటివి వందకు పైగా చూసింది.

2005లో అదే ప్రయోగశాల లిథియంను తిప్పింది. అక్కడ వాడిన రకం లిథియం పరమాణువులు ఒంటరిగా ఒకే స్థితిలో చేరవు, ముందు జంటలు కట్టాలి. ఆ జంటలు రాపిడి లేకుండా ప్రవహిస్తున్నాయా అన్న ప్రశ్నకు ఫోటోలో వరసగా నిలిచిన సుడులే రుజువయ్యాయి.